తలుపు కింద ముప్పావంగుళం

దులూత్‌లో జనవరి.
సుపీరియర్ సరస్సు ఆవిరి కక్కుతోంది
సున్నాకి ఇరవై మెట్లు కింద.
మా ఇల్లు మాత్రం ఫ్లాస్కు.
పన్నెండంగుళాల గోడ, మూడు పొరల అద్దం,
ప్రతి సందులోనూ నురగ కొట్టించి
గ్యాసు బిల్లు చూసి ఫణి మీసం దువ్వాడు.

సోమవారం పెట్టిన ఇంగువ తిరగమోత
గురువారం కూడా సోఫాలోంచి లేచి పలకరించింది.
కిటికీ అంచుల్లో చెమట.
పొద్దున్నే ఇద్దరికీ తలనొప్పి,
ఒకరి వల్ల ఒకరికి అనుకున్నాం.

బూట్ల నిండా మంచుతో మార్లిస్ కోస్కి వచ్చింది.
వీధి గుమ్మానికి ఎర్ర గుడ్డ బిగించి
మధ్యలో ఫ్యాను పెట్టి ఇంటి ఊపిరంతా లాగింది.
ఆవిడ పొగ గొట్టం మొరాయిస్తే
నేను అగరుబత్తి వెలిగించి ఇచ్చాను.
స్విచ్చి బోర్డు దగ్గర, అటక మూత దగ్గర
పొగ వంగుతుందేమోనని చూశాం.
బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లలా
నిటారుగా ఉంది.
"బాగా కట్టారు," అంది మార్లిస్.
"ఇక దీనికి ఊపిరి తీయడం నేర్పాలి."

ఎంత గాలి కావాలి? అన్నాను,
వంకాయల బేరంలా, తక్కువలో తేలుతుందేమోనని.
కాగితం తీసింది.
నేల కొలతకి ఇంత.
పడకగదులు మూడు, దానికి ఒకటి కలిపి
తలకి ఏడున్నర.
వెరసి నిమిషానికి ఎనభై నాలుగు ఘనపుటడుగులు,
రాత్రీ పగలూ.
"ఒక గదిలో ఇద్దరు పడుకుంటారు కదా, అందుకా ఒకటి."
నేను పెన్సిలు వంకే చూస్తూ ఉండిపోయాను.

అక్టోబరు నుంచి
అతను ఆ చివర గదిలో, నేను ఈ చివర.
కారణం పెద్దదేం కాదు.
ఇప్పుడు అడిగితే ఇద్దరం రెండు చెబుతాం.

బేస్‌మెంట్‌లో మిషను బిగించారు.
పోయే గాలీ వచ్చే గాలీ
పల్చటి రేకుకి అటొకటి ఇటొకటి,
తాకకుండానే వెచ్చదనం ఇచ్చిపుచ్చుకుంటాయట.
తాకకుండానా, అన్నాడు ఫణి.
నాతో అన్నాడో, మిషనుతో అన్నాడో.

అయినా తెల్లారేసరికి
గాలి లెక్క చెప్పే తెల్ల డబ్బా
నా గదిలో పదమూడు వందలంది,
అతని గదిలో పన్నెండు వందల డెబ్భై.
ఎవరూ పడుకోని హాల్లో ఆరు వందలే.
మంచి గాలంతా అక్కడ ఖాళీగా కూర్చునుంది.

ఫోన్‌లో మార్లిస్ అడిగింది:
"తలుపులు వేసుకుంటారా?"
వేసుకుంటాం.
"రావడానికి దారి ఉంటే చాలదమ్మా,
పోవడానికీ ఉండాలి. కింద ముప్పావంగుళం కోయించండి."

శనివారం రెండు తలుపులూ ఊడదీసి
గరాజులో అడ్డంగా పడుకోబెట్టాడు.
నేను ఒక కొస పట్టుకున్నాను.
రంపం. జుట్టు మీద తెల్లటి పొట్టు.
కొలత దాటి కోశాడు, ఎప్పట్లాగే.
ఎప్పట్లాగే నేను అన్నాను.

ఈ రాత్రి ఏడు వందల తొంభై.
పాదాలకి కాస్త చలి.
తలుపు కింద గీతగా అతని దీపం,
పేజీ తిప్పిన చప్పుడు,
దగ్గు.
కషాయం పెట్టనా, అని
పడుకునే అడిగాను, గొంతు పెంచకుండా.

కాసేపటికి
నేల వెంట పాక్కుంటూ వచ్చింది జవాబు:
అల్లం మరీ వెయ్యకు.