గడప మీది నంబరు

మీనంబాక్కం కార్గో షెడ్డులో
రాత్రి రెండూ నలభైకి నా పని మొదలు.
ఆంబూరు చెప్పుల పెట్టెలు, శ్రీపెరుంబుదూరు కారు సామాన్లు,
తడిగోనెల్లో కాళ్లు కట్టేసిన పీతలు.
బరువులు చీటీతో సరిచూసి
"ఎక్కించన్నా" అంటే
అరసు బండి కదిలిస్తాడు.

ఆ రాత్రి దిగింది మూడింజన్ల ముసలిది.
రెండు రెక్కల కింద, ఒకటి తోక మొదట్లో
కొప్పున తురుముకున్న బంతిపువ్వులా.
ఒళ్లంతా తెలుపు. అద్దెబండి,
కంపెనీ పేరు కూడా పొట్ట కింద ఎక్కడో చిన్నగా.
కిటికీలుండాల్సిన చోటల్లా
రేకుబిళ్ల బిగించి రంగు కొట్టేశారు.
టార్చి ఏటవాలుగా వేస్తేనే తెలుస్తాయి,
మానిపోయిన అమ్మవారి మచ్చల్లా.

చీటీ ఇవ్వడానికి నిచ్చెనెక్కాను.
తలుపు గడప లోపల అరచేతంత పలక,
దాని మీద అయిదంకెల నంబరు,
చివర మూడూ ఏడులే.
అది నాకు నోటికొచ్చు.

ఇరవైరెండేళ్ల కిందట నేను
మనుషులు దిగిన విమానాలు కడిగేదాన్ని.
రెండొందల డెబ్బై సీట్లు, తొమ్మిదిమంది ఆడవాళ్లం,
ముప్పై అయిదు నిమిషాలు,
గడియారం చూస్తూ నిలబడే జెసింత మేడం.
సీటు సంచుల్లో ఏవేవో దొరికేవి:
ఒంటి చెవికమ్మ, కొరికి వదిలేసిన యాపిలు,
వాంతి సంచీ మీద పెన్సిలుతో వేసిన కూడికలు.
ఒకసారి, కాగితంలో మడిచిన పాలపన్ను.
పారేయబుద్ధి కాలేదు.
కొంగున కట్టి తెచ్చి
పల్లావరంలో మా ఇంటి పెంకుల మీదికి విసిరాను,
ఏ దేశపు పిల్లదో.
అందరూ దిగాక గడప తుడవడం నా వంతు.
ఆ అంకెల్ని అలా నేర్చుకున్నాను,
అక్షరాలు రాకముందే.

మా తాత తోళ్లమండీలో సున్నపుగుంట మనిషి.
"బొచ్చు గీకు, సున్నంలో నానెయ్,
తంగేడుచెక్కలో ఊరెయ్, నీకు నచ్చిన రంగు పుయ్యి.
వాత పెట్టిన చోటు మాత్రం పోదే, పిల్లా" అనేవాడు.
ఆయన చేతులు చచ్చేదాకా
తంగేడు రంగులోనే ఉన్నాయి.

రుమాలు తీసి పలక తుడిచాను. నల్లగా వచ్చింది.
లోపల్నించి తెల్లాయన "ఏంటి?" అన్నట్టు చూశాడు.
"అలవాటు సార్" అన్నాను, తెలుగులోనే.
లోపల గుహ. సీట్లు లేవు, సీట్ల గాడులూ లేవు.
నేలంతా ఇనుప చక్రాలు.
ఆ పన్ను దొరికిన వరస ఎక్కడుండేదో లెక్కగట్టబోయాను.
అక్కడ పీతలు గోనెను గీరుతున్నాయి.

మధ్యాహ్నం నిద్ర పట్టక మిద్దెక్కాను.
పెంకులెప్పుడో పోయి కాంక్రీటొచ్చింది.
కింద వాటా ఇళంగో అక్కడే కూర్చుని
విమానాలకు జాతకాలు రాస్తుంటాడు.
నంబరు చెప్పానో లేదో, వేలు పెట్టి చదివాడు:
మొదట చలిదేశం వాళ్లు, తోక మీద ఎర్రచారలు.
వాళ్లు దివాలా తీస్తే ఎడారివాళ్లు, ఆకుపచ్చ.
"నువ్వు కడిగింది అదేనక్కా."
తర్వాత రెండేళ్లు ఎవరూ లేరు,
ఎండలో ఊరికే నిలబడింది;
ఆ గళ్లలో వాడు అడ్డగీత గీశాడు.
ఆపైన సీట్లు పీకి, పక్క కోసి
పెద్ద తలుపు పెట్టిన సరుకువాళ్లు, నీలం.
నీలం మీదే పసుపు పూసిన ఇంకో సరుకువాళ్లు.
ఇప్పుడీ తెలుపు.
"అయిదుగురు తోలారు. ఆరో కంపెనీ ఉండదు.
ఇంధనం తాగేస్తుంది. ఇక కోతకే."

పేజీ చివర వాడొక ఖాళీ గడి ఉంచాడు.
అందులో ఏం రాస్తావని అడగలేదు.

పైన ఏదో లేచింది, రెండింజన్లది, కుర్రది.
వాడు తలెత్తకుండానే పేరు చెప్పేశాడు.
నేను నీళ్లట్యాంకు నీడలో కూర్చున్నాను.
ఆ పిల్లకిప్పుడు ముప్పై దగ్గరుంటాయి.
కొత్తపన్ను వంకర లేకుండానే వచ్చుంటుందా?
పెంకుల మీదైతే వేశాను మరి,
తూర్పు తిరిగే.