ఎర్ర గుండీ, నీలం గుండీ

ముహర్రక్‌ల సందులు ఇరుకు.
నిచ్చెన అడ్డం తిప్పితే రెండిండ్ల తలుపులకు తగుల్తది.
ఉమ్ యాకూబ్ ఇంట్ల, స్నానాలగది గోడకు
ఎనభై లీటర్ల గీజరు
పదమూడేండ్ల సంది వేలాడుతున్నది.
కింద బకెట్టు. బకెట్ల చుక్క.
చుక్కకూ చుక్కకూ నడుమ
ఆమె తస్బీల పూస ఒకటి జరుగుతది.

విప్పిన.
కడుపుల నుంచి తట్టెడు సున్నం రాలింది,
ఇల్లంత వెల్లేసినా ఇంక మిగిలేటంత.
లోపలి మెగ్నీషియం కడ్డీ
పెట్టిననాడు నా బొటనవేలంత లావుంటది,
ఇప్పుడు చీపురుపుల్ల.
"ఇదేం పని చేస్తది?" అన్నదామె.
తుప్పు ముందుగాల దీన్నే తింటది తల్లీ,
టాంకు జోలికి పోకుండ, అని చెప్పాలె.
నాకొచ్చిన అరబ్బీ పైపులకూ పైసలకే సరిపోతది.
పుల్లను ఆమె అరచేతుల పెట్టి
నములుతున్నట్టు దవడలాడించి చూపిచ్చిన.
నవ్వుతదనుకున్న. నవ్వలేదు.
దాన్ని కడిగి కిటికీల పెట్టుకున్నది.

కొడుకు యాకూబ్ ఫోన్ల బొమ్మ చూపిచ్చిండు.
టాంకే లేదు. గోడకు పలకలెక్క అతుక్కుంటది.
నల్లా తిప్పినంకనే నిద్ర లేస్తది,
అడిగినంత కాగబెడ్తది, కట్టేస్తే మర్చిపోతది.
"ఎవ్వరం లేనప్పుడు
ఎనభై లీటర్లు ఎందుకు మరగాలె లింబాద్రీ?"
మాట నిజమే.
కిరాయి గదులల్ల అసొంటివి ముప్పై నేనే బిగిచ్చిన.

మీటరు డబ్బ మూత తీసిన.
తీగ పాతది, వేడికి తోలు నల్లబడ్డది.
ఆ పలక ఒక్కపారి దమ్ము గుంజితే
ఏసీలు, ఫ్రిజ్జు, పోరగాండ్ల టీవీ
అన్నీ ఒక్క ఊపిరిల ఆరిపోతయ్.
కొత్త తీగ, కొత్త లైను, గోడ పగలగొట్టుడు,
వేళ్ల మీద లెక్క చెప్పిన.
యాకూబ్ ఫోన్ జేబుల పెట్టిండు.
మళ్ల తీసిండు.

ముసలామె అప్పుడడిగింది:
"నీ ఇంట్లయితే ఏది పెడుతవ్?"

నా ఇల్లు.
సిత్రాల ఒక గది, పదకొండు మందిమి, ఒక్కటే నల్లా.
ఆగస్టుల మిద్దె మీది టాంకు నుంచి దిగే నీళ్లకు
ఏ గీజరూ అక్కరలేదు, బియ్యం పోస్తే ఉడుకుతయ్.
అందుకే రాత్రి పదింటికి
నూనె డబ్బలు, పెయింటు డబ్బలు
నింపి మంచాల కింద పెట్టుకుంటం,
ఏసీ గాలి తగిలే దిక్కు.
పొద్దుగాల నాలుగింటికి ఎవని డబ్బ వానిది.
పోసెట్టి డబ్బ ఒకపారి తెల్వక నేను పోసుకున్న.
వాడు తిట్టలేదు,
"సల్లగున్నయా?" అన్నడు.
ఆ దినం వాడు తానం చెయ్యకనే బస్సెక్కిండు.

గిదంత చెప్పనీకి అరబ్బీ చాలదు.
టాంకును చేత్తోని తట్టిన.
స్విచ్చు ఆర్పి చూపిచ్చిన.
ఖాలా, మే నెల ఒచ్చింది. ఇది ఆర్పి పెట్టు.
మిద్దె మీది మంట దిగి ఈడికొచ్చి
రాత్రంత నీడల పండుకుంటది.
పొద్దుగాలకు నీళ్లయితది.
పలకకు దాసుకునే కడుపు లేదు.

"నా పెండ్లయిన కాడి నుంచీ
జూన్ల మేం ఎర్ర నల్లానే తిప్పుతం" అన్నదామె.
మరి నన్నెందుకడిగినట్టు?
ఆమె కొడుకు దిక్కు చూసింది.
కొడుకు ఫోన్ దిక్కు.

యాభై లీటర్లది తెచ్చి పెట్టిన, చిన్నది.
యాకూబ్ బేరమాడి రెండు దినార్లు తగ్గిచ్చిండు.
పోయేముందు
నల్లా మీది గుండీలు గోటితోని లేపి
ఎర్రది నీలం జాగల, నీలంది ఎర్ర జాగల ఒత్తిన.
నవంబర్ల మళ్ల మార్చనీకి పోవాలె.
ఆ పనికి పైసలు తీసుకోను.
చాయ్ ఇస్తది, నాలుగు ఖర్జూరాలు ఇస్తది,
తాగుకుంట, తినుకుంట
కిటికీల ఆ పుల్ల ఇంక ఉన్నదా అని చూస్త.