గేటు పడినప్పుడు

కొరుక్కుపేట గేటు పడింది.
ఇంజను ఆపేశాను. డీజిలు ఊరికే రాదు.

వెనక పద్నాలుగు మంది పిలకాయలు.
ఎవరి డబ్బాలో ఏముందో మూత తీయకుండా చెప్పగలను:
మూడో సీటు పాపది నెయ్యి దోసె,
కిటికీ కాడి వాడిది రోజూ బ్రెడ్డే,
వాళ్ళమ్మకు రాత్రి డ్యూటీ.

ఈరోజు పదిహేనోవాడు నా కొడుకు.
సుగుణకు జ్వరం, ఇంట్లో ఇంకెవరూ లేరు.
ముందు సీట్లో, గేరు రాడ్డు పక్కన,
మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు,
బాడుగ ఇవ్వకుండా ఎక్కినవాడిలా.

డ్యాష్‌బోర్డు అరలో ఫారం ఉంది,
టైరు బిల్లు కింద, మడత పెట్టి, నాలుగు రోజులుగా.
శనివారం ఆఖరు.
పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను.
తండ్రి చదువు అన్నచోట
ఎనిమిది అని రాసి, పక్కన ఇంకేం రాయాలో తెలీక
పెన్నుకు మూత పెట్టేశాను.
ఏడాదికి యాభై రెండు వేలు.
బూట్లు వేరే, బెల్టు వేరే,
వ్యాను వేరే అని కూడా ఉంది.
అది చదివి సుగుణ నవ్వింది,
ఆ ఒక్కటీ మనకు మిగులుద్దిలే అని.

ఆరేళ్ళుగా ఆ బడి కాడికి రోజుకు రెండుసార్లు పోతాను.
గేటు సందులోంచి కనపడేంత మటుకు తెలుసు:
ఒక జారుడు బల్ల, ఎర్రపూల కుండీ,
ఎప్పుడు చూసినా అప్పుడే తుడిచినట్టుండే మెట్లు.
ఫారం కోసం పోయిననాడు
నాతో రోజూ టీ తాగే వాచ్‌మన్ ఏకాంబరం
"వ్యానులు బయటే అన్నా" అన్నాడు అలవాటుగా.
తర్వాత నాలిక కరుచుకున్నాడు.
నేను చొక్కా సర్దుకున్నాను.

గేటుకు ఇవతల కార్పొరేషన్ బడి.
నేను చదివింది అందులోనే, తెలుగు సెక్షన్లో.
అప్పుడు బెంచీకి అయిదుగురం.
ఇప్పుడు సెక్షనంతా కలిపి ఏడుగురు,
ఒక్క టీచరమ్మ, మూడు తరగతులు,
ఒకే నల్లబల్లను సుద్దగీతతో పంచుకుంటారు.
పొద్దున పొంగలి పెడతారు. వేడిగానే ఉంటుంది, తిని చూశాను.
మరుగుదొడ్డి తలుపుకు అప్పుడూ గొళ్ళెం లేదు, ఇప్పుడూ లేదు.
ఒకడు లోపలికి పోతే ఇంకొకడు బయట పట్టుకోని నిలబడాల.
అట్లా నాకు తలుపు పట్టుకున్న పెంచలయ్యే
మొన్న ఫీజుకు పదివేలు సర్దుతానన్నాడు.

రూపవతి టీచరమ్మ దాపరికం లేని మనిషి.
"చేరిస్తే చేర్చు మస్తానయ్యా,
వచ్చే ఏడు సెక్షన్ ఉంటుందా అని మాత్రం నన్ను అడగబాక."
వాళ్ళబ్బాయి ఎక్కడ చదివాడో నేను అడగలేదు.
తనే చెప్పింది, కాన్వెంటులో అని.
చెప్పి, బల్ల వైపు తిరిగి
చెరిపిన దాన్నే మళ్ళీ చెరిపింది.

రైలు ఇంకా రాలేదు.
"అంకుల్, ఫ్యాన్ వేయండి."
"అంకుల్, లేటయితే మిస్ తిడతారు."
అంకుల్, అంకుల్.
నా పేరు ఈ వ్యానులో ఎవరికీ తెలీదు,
తెలియాల్సిన పనీ లేదు.
మావాడు వాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు.
కాసేపటికి, మెల్లగా, మాటను రుచి చూస్తున్నట్టు,
"అంకుల్, నీళ్ళు" అన్నాడు.

సీసా తీసిచ్చాను.
వాడు తాగినంతసేపూ
కదలని బండికి స్టీరింగు పట్టుకునే ఉన్నాను.

అప్పుడొచ్చింది గూడ్సు.
వాడు సీటు మీద లేచి నిలబడి లెక్కపెట్టాడు.
ఒకటి, రెండు, మూడు, వాళ్ళమ్మ నేర్పిన తెలుగులో.
పదకొండు కాడ తమిళంలోకి దూకాడు,
అది మా వీధిది.
ఇరవై దాటాక ఇంగ్లీషు,
అది ఎక్కడ దొరికిందో నాకు తెలీదు.
ఎక్కడా తడబడలేదు.
"ఫార్టీ త్రీ నాయనా!"

నేను లెక్కేస్తే నలభై రెండే.
కాదని మొండికేశాడు.
చివర్న చిన్న పెట్టె ఉండాది చూడు,
దాంట్లో ఒకాయన కూర్చోనుండాడు,
పచ్చజెండా పట్టుకోని.

గేటు లేచింది. వెనక బండ్లన్నీ హారన్లు.