ప్రాక్సీ ఫోల్డరు

తాడిపత్రిలో పాలిష్ మిషన్లు ఆగేది
కరెంటు పోయినప్పుడే.
అప్పుడు నా సిస్టమూ ఆగుతాది.
యూపీఎస్ కీచుమంటా ఉంటే చేసిందంతా సేవ్ కొట్టి
కిటికీ కడ్డీల మీది రాతిదుమ్ము
వేలితో గీకుతా కూచుంటా.

ఒక్క ముహూర్తానికి ఏడు గంటల రా ఫుటేజి.
అంతా బూడిద రంగు, పసుపు కూడా పసుపుగా ఉండదు.
గనిలోంచి అప్పుడే లేపిన నాపరాయీ అంతే గదా,
పాలిష్ పట్టేదాకా దాని రంగు దానికే తెలీదు.
ఉన్నదున్నట్టు టైమ్‌లైన్ మీద వేస్తే
నా ముసలి సిస్టం
తలంబ్రాలను ఒక్కొక్క గింజే పోస్తాది.

మా ఓనరు రాజశేఖరన్నకు హెచ్ టూ సిక్స్ ఫోర్ అంటే ప్రాణం.
"చిన్నగా ఉంటాది, పెన్‌డ్రైవులో పడతాది, ఇంకేం గావల్ల?"
అది పిసినారి కోడెక్కన్నా, అంటా నేను.
ఒక ఫ్రేము నిండుగా రాసుకుంటాది,
తర్వాతి పదకొండిట్లో ఏది కదిలిందో అదే రాస్తాది.
మిగతాదంతా
కిరాణా పద్దులో మాదిరి సదరు, సదరు, సదరు.
మధ్యలో కత్తెర పెడితిమా,
వెనక పేజీలన్నీ తిరగేసి లెక్క కట్టుకోవల్ల.

అందుకే రాత్రి పోతా పోతా ప్రాక్సీలు పెట్టి పోతా.
ఏ ఫ్రేముకా ఫ్రేము పూర్తిగా ఉండే కోడెక్కు,
కొలత మాత్రం నాలుగో వంతు.
తెల్లారేసరికి పెండ్లంతా చిన్నదై, తేలికై ఉంటాది.
దాని మీద కోసి, అతికి,
చివర్లో అసలుదానికి ముడేసి, రంగు దిద్ది పంపుతా.
డబ్బు ముట్టిన రెండు నెలలకు రా చెరిపేస్తాం.
ఓనరు రూలు.

ఆషాఢంలో చౌడమ్మ వచ్చింది.
మా దగ్గర పదకొండేండ్లు లైటు పట్టిన
కుళ్ళాయప్ప పెండ్లాం.
"మాబున్నీ, ఆయప్పది ఒక్క ఫోటో కావల్ల.
ఆధార్ కార్డులో ఉండేది ఆయప్ప మాదిరి లేదు.
ఇన్ని పెండ్లిండ్లు తీసినారు గదా, యాడన్నా ఉంటాడు."

యాడ ఉంటాడు?
లైటెప్పుడూ ఫ్రేముకు ఇవతలే.
ఇన్నిమంది పెండ్లికూతుర్ల బుగ్గల మీది వెలుగు ఆయనదే,
దాన్ని చూపించి, ఇదీ నీ మొగుడు అనేదెట్ల?
పొరపాటున పడినా నేనే కోసేసి ఉంటా.
కోసేదే నా పని.

పెన్‌డ్రైవు కాపీల్లో ఒక్కచోట దొరికినాడు,
పందిట్లో వెనకాల, చీకట్లో,
స్టాండు పట్టుకుని కదలకుండా.
కదలనోన్ని కోడెక్కు లెక్కలోకే తీసుకోలేదు.
ముఖం బదులు నాలుగు గళ్ళు.
పెద్దది చేసేకొద్దీ గళ్ళే పెద్దవైనాయి.

రా ఎప్పుడో పాయ.
ప్రాక్సీలు చెరపడం మాత్రం మర్చిపోయినాను,
బద్ధకమే అనుకోండి.
మూడు రాత్రులు, కత్తెర పడని పెండ్లిండ్లు:
కాళ్ళు, చాపలు, ఎవురో తుమ్మడం,
ఆపడం మరిచిన కెమెరాలో పావుగంట వంటశాల గోడ.
మూడో రాత్రి
పద్నాలుగు ఫ్రేములు.
కుళ్ళాయప్ప లైటు దించి, మెడ తుడుచుకుంటా,
ఎవురినో చూసి నవ్వబోతా ఉన్నాడు.
ఇంకా నవ్వలేదు. కెమెరా ఆగిపోయింది.
చిన్న ముఖమే,
కానీ అందులో ముక్కు గానీ, కన్ను గానీ
పక్క ఫ్రేము దగ్గర అప్పు తెచ్చినవి కావు.

పాస్‌పోర్టు సైజుకు మించితే పగులుతాదని ముందే చెప్పినా.
చౌడమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని
చాలాసేపు చూసి,
"చాల్లేమ్మా. ఆయప్ప మాత్రం యాడ అంత పెద్దోడు?" అన్నింది.

నిన్న ఇంకో డిస్కు అడిగితే
"ఎవురు కడతారు?" అన్నాడు ఓనరు.
సరే.
శ్రావణం వస్తాంది, కార్డులూ వస్తాయి.
కెమెరా రంగస్వామికి ఫోన్ చేసినా:
ప్రతి కార్డు మొదట్లో ఐదు సెకన్లు
లైటు పట్టే పిల్లోన్ని నిలబెట్టి తియ్యమని.
ఎందుకక్కా, అన్నాడు.
వైట్ బ్యాలెన్సుకు, అని చెప్పినా.