తరుగు పద్దు

ముప్పయ్యొక్క ఏండ్లు
చెంగల్రాయ శెట్టి బెల్లం మండీలో
పద్దులు రాసినోణ్ణి.
ఆయన గురించి చెప్పమంటే
నాకు మాటలు రావు, లెక్కలొస్తాయి.

పెనుమూరు బండ్లు, ఐరాల బండ్లు
తెల్లారకముందే సంతపేట మలుపు తిరిగేవి.
దిమ్మె అంచు చిదిమి నాలిక్కి తాకించి
"ఇది ఉప్పునీళ్ల చెరుకు" అని
పొలం పేరుతో సహా చెప్పేవాడు.
పద్యం విన్నా అంతే.
కండ్లు మూసుకొని, కాసేపు ఊరుకొని,
"నాలుగో పాదంలో పాకం ముదిరింది నాయనా,
పోయి మళ్లీ కాంచుకోని రా."

చదివింది మూడో తరగతి.
అక్షరం కింద వేలు పెట్టి
చీమ నడిచినట్టు చదివేవాడు.
పేజీకి ఒక పూట.
"బిరబిరా చదివేటోళ్లు
బెల్లం మింగేటోళ్లబ్బా,
నేను చప్పరించేవాణ్ణి."

ఒకరొకరే వచ్చేవాళ్లు.
చెప్పు తెగిన పంతులు,
పలమనేరు నుంచి పట్టుపురుగుల చంద్రికలు అల్లే ఆయన,
టికెట్ల వెనక కవితలు రాసుకున్న
రాత్రి బస్సు కండక్టరు,
చంకలో బిడ్డతో కుప్పమ్మాళ్.
తక్కెడ పక్కన గోనెపట్ట పరిచి
"కూచో. చదువు" అనేవాడు.
చదవతా ఉంటే హమాలీలు మూటలు దించడం ఆపినారా,
ఆ పుస్తకం అచ్చుకు పోయినట్టే.

బెల్లానికీ అచ్చే, పుస్తకానికీ అచ్చే.
"ఒకటి వానకు కరుగుతుంది,
రెండోదాని సంగతి
మనం పోయినాక కదా తెలిసేది."

షరతు ఒకటే.
తన పేరు యాడా పడకూడదు.
అట్ట మీద కాదు, లోపల కాదు,
చివరి పేజీ చిన్నక్షరాల్లో కూడా కాదు.
నా పద్దులో సైతం
దానం అని రాయనిచ్చేవాడు కాదు.
"తరుగులో రాయి గజేంద్రా."

తరుగంటే తెలుసు కదా,
తేమకు కారి, గోనెకు అంటి,
చీమలు మోసుకుపోయి
తూకంలో తగ్గేది.
ప్రెస్సుకు కట్టిన నాలుగువేలు, తరుగు.
కాగితం రీములు, తరుగు.
కుప్పమ్మాళ్ బిడ్డకు జరమొస్తే డాక్టరు ఫీజు,
అదీ తరుగే.

ఒకేడు లెక్కలు చూసే ఆఫీసరొచ్చినాడు.
కండ్లద్దాలు పైకి నెట్టి
"ఏందయ్యా, ఇంత తరుగు?"
శెట్టి చేతులు కట్టుకొని
"వానలు సామీ. ఈ యేడు వానలు విపరీతం."
కిటికీకి ఎదురుగా నీవా ఏరు.
ఇసకలో పిల్లకాయలు క్రికెట్టు ఆడతా ఉండారు.
ఆఫీసరు ఏటిని చూసినాడు,
అటక మీది పుస్తకాల కట్టలు చూసినాడు,
నన్ను చూసినాడు. నేను తల వంచుకున్నా.
అపరాధం వేసినాడు.
పోతా పోతా ఒక పుస్తకం కొనుక్కున్నాడు.
మూడున్నర రూపాయి,
జమలో రాసినా.

అన్నీ మంచి పుస్తకాలని అబద్ధం చెప్పను.
కొన్నిటిని చీమలు కూడా వదిలేసినాయి.
డబ్బు తీసుకొని మళ్లీ కనపడనివాళ్లు
పదకొండుమంది.
వాళ్ల పేర్లు కొట్టెయ్యనీలేదు శెట్టి,
"ఇంకా రాస్తా ఉంటారులే" అనేవాడు.

ఆయన పోయిన పొద్దు కూడా
తక్కెడ ఆగలేదు. అట్లని ముందే చెప్పి పెట్టినాడు.
సభ జరగలేదు, బొమ్మ పెట్టలేదు.
ఇప్పుడా చోట సెల్‌ఫోన్ల అంగడి.
వానొస్తే మాత్రం
గోడ ఇంకా తీపి వాసనేస్తాది.

మొన్న జిల్లా గ్రంథాలయంలో
కుప్పమ్మాళ్ పుస్తకం చేతికి తగిలింది.
బిల్లు కట్టింది నేనే,
లోపల తెరిచింది లేదు.
అంకితం పేజీలో ఒకటే వరుస:
ఆ ఏటి వానకు.

ఆ ఏడాదనా, ఆ ఏరనా,
అడుగుదామంటే ఆమె కూడా లేదు.
చానాసేపు కూచున్నా.

లైబ్రరీ పాప ఫ్యాను ఆపేసి
"ఇంటికి తీసుకుపోతావా తాతా?
వంద డిపాజిట్టు" అనింది.
ఇచ్చేసినా.
ఇంట్లో అడుగుతారు, వంద ఏమైందని.
బయట ఎండ పెళపెళలాడతా ఉంది.
వాన అని చెప్తా.