పిడి మీద రెండు గాట్లు

లూయిస్‌టౌన్‌లో ఫిబ్రవరి. సంత షెడ్డు రేకుల మీంచి
మంచు పెళ్లలు జారిపడుతున్న చప్పుడు.
నా బల్ల మీద భూతద్దం, చిన్న టార్చి, ఫ్లాస్కులో అడుగంటిన కాఫీ,
"పాత తుపాకులు చూడబడును, ఉచితం" అని
మనవరాలు వంకర అక్షరాలతో రాసిన అట్ట.

డెల్ఫీన్ హ్రుస్కా ఉన్ని మేజోడులోంచి దాన్ని తీసింది,
నిద్రపోయే పిల్లిని ఒళ్లోంచి దించినట్టు.
"మా ముత్తాత వాట్స్లావ్‌ది. నేనే ఉంచుకుంటాను.
తమ్ముడికి సగం ఇవ్వాలి.
సగమంటే ఎంతో మీరు చెప్పండి, మిస్టర్ ట్వేట్."

తమ్ముడు లాడిస్ ఐదు వేల డాలర్లంటాడట.
గుర్రాల దొంగలిద్దరు దీని దెబ్బకే నేలకొరిగారట.
పిడి మీద ఆ రెండు గాట్లే సాక్ష్యమట.

కథ విన్నాను. తల ఊపాను.
ముందు అది ఖాళీయో కాదో చూశాను.
నలభై ఏళ్లుగా మొదట చూసేది అదే,
ఎవరెన్ని ఒట్లు పెట్టినా సరే.

చెవి దగ్గర పెట్టుకుని
బొటనవేలితో గుర్రాన్ని మెల్లగా వెనక్కి లాగాను.
టిక్. టిక్.
టిక్. టిక్.
నాలుగు గిట్టలూ నేలకు తగిలాయి. కుంటు లేదు.

నీలిపూత చాలావరకు పోయింది.
సిగ్గుపడినట్టు చూసిందామె.
"పోతే పోనివ్వండి. ఒర అరగదీసింది కొంత, చెయ్యి అరగదీసింది కొంత.
ఇది ముసలితనం, రోగం కాదు.
మెరుగు పెట్టించి తెచ్చేవాళ్లుంటారు, వాళ్లకే నేను చెడ్డకబురు చెప్పేది:
అచ్చు అక్షరాలు సబ్బుబిళ్ల మీద పేరులా కరిగిపోయి ఉంటాయి."
దీని అక్షరాలు గోటికి ఇంకా గుచ్చుకుంటున్నాయి.

అంకెలు చూశాను. మూడుచోట్ల ఒకే ఇంటిపేరు.
సిలిండర్ మాత్రం పరాయి కొంపది,
ఎప్పుడో ఎవరో తెచ్చి అతికించిన సంబంధం.
అక్కడ ఏడెనిమిది వందలు పోయాయి.

గొట్టంలోకి టార్చి వేశాను.
మెలి తిరిగిన గీతలు పదునుగా, తళతళా.
పేల్చిన గొట్టం కాదిది. ఏ రెండు డబ్బాల గుండ్లో, అంతే.
తిరగేసి పిడి అడుగు చూశాను:
చిన్న చిన్న సొట్టలు, ఒకదాని మీద ఒకటి, వందల్లో.

"మీ ముత్తాతకి కంచె ఉండేదా?"
"మైళ్ల కొద్దీ."
"సుత్తి ఇంట్లో మర్చిపోయే మనిషై ఉంటాడు."
మొదటిసారి నవ్వింది.

ఇక ఆ గాట్లు.
భూతద్దం కింద పెట్టాను.
వందేళ్ల చెమట పిడి అంతటా నల్లగా పట్టి ఉంది,
గాట్ల లోపల మాత్రం కొత్త చెక్కపేడులా తెల్లగా ఉంది.
నేనేమీ అనలేదు.
ఆమే అంది, కిటికీ వైపు చూస్తూ:
"వాడికప్పుడు పదకొండేళ్లు. పుట్టినరోజుకి చాకు ఇచ్చారు."

కాగితం మీద రాశాను, పద్నాలుగు వందలు.
"గాట్లు లేకపోతే?"
"పదహారు వందలు."
"అయితే వాడికి ఎనిమిది వందలు ఇస్తాను."
"సగం ఏడు వందలేనమ్మా. గాట్లు పెట్టింది కూడా..."
"తెలుసు. ఆ సంగతి వాడికి గుర్తు లేదు.
ముత్తాతే పెట్టాడని నిజంగానే నమ్ముతున్నాడు."

తూకం నా పని. త్రాసులో ఎవరేం వేసుకుంటారో నాది కాదు.
అయినా కలం కాసేపు ఆగింది.
'పిడి గాట్లు, తర్వాతి కాలానివి' అనే వాక్యం
చీటీలో ఉంచాను. అబద్ధం రాయలేను.
కాకపోతే వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో రాశాను.

ఆమె చీటీ మడిచి కోటు జేబులో పెట్టుకుంది, చదవలేదు.
మేజోడు నోరు తెరిచి, ఆగి,
నేను చేసినట్టే సిలిండర్ తిప్పి, గది గదీ వెలుగుకు పట్టి,
ఖాళీయో కాదో చూసుకుంది.