కాటా దగ్గర

రామతీర్థం క్వారీ నుంచి దిగిన మూడో లారీ
కాటా మీద ఊపిరి బిగబట్టి నిలబడింది.
బండ ఒంటి మీద తెల్ల పెయింటు:
అంకె, మా ఓనరు పొడి అక్షరాలు,
పక్కన చీనా వాళ్ళ గుర్తొకటి.
నలుచదరపు డబ్బా, మధ్యలో నిలువు గీత.

టీ బంకులో అప్పటికే ప్రపంచం మరుగుతోంది.

"దానర్థం 'నడుమ'" అన్నారు పేరయ్య మేష్టారు,
లేని చాక్‌పీసు పొడి వేళ్ళ నుంచి దులుపుకుంటూ.
"లోకానికి నడుమ తామేనని
వేల ఏళ్ళుగా రాసుకుంటున్న జాతి.
కాగితం చేసినోళ్ళు. గోడ కట్టినోళ్ళు.
మనం ఎలక్షన్ దాకా చూస్తాం,
వాళ్ళు మునిమనవడి దాకా చూస్తారు."

"చూపుకేం గాని, పోయినేడు బాకీ యాడ మేష్టారూ?"
లారీల మస్తాన్ గ్లాసు ఠక్కున పెట్టాడు.
"ఆర్నెల్లు అరువు పెట్టినప్పుడు
నాకు వేల ఏళ్ళ ఓపిక కనపళ్ళా.
మా మేనమామ కనపడ్డాడు."

మంచి చీర కంటబడితే మా నాయనమ్మ
"చీనాంబరం మాదిరుందే" అనేది.
చీనా యాడుందో ఆమెకి తెలియదు.
చీమకుర్తి దాటి ఒంగోలు పోవడమే గొప్ప.

నిన్న కొనుబడికొచ్చిన లిన్ గారు
సుత్తితో బండను తట్టి, చెవి ఆనించి,
సీసాలో నీళ్ళు పోసి చూశాడు.
తడిసిన నలుపులో జరీ పొడి లేచింది.
తర్వాత నా గదిలో ఫ్యాను కింద కూలబడి
దుబాసీ కుర్రాడి చేత అడిగించాడు:
మీ వాళ్ళు మా గురించి ఏమంటుంటారు?
చెప్పా.
నవ్వలేదు. మెడ తుడుచుకున్నాడు.
వాళ్ళ ఊరి టీ కొట్లో అంటారంట,
ఇండియా వాళ్ళది వేల ఏళ్ళ నాగరికత,
వచ్చే జన్మ దాకా ఆలోచిస్తారు,
బేరంలో జాగ్రత్త, తొందరపడరు అని.

తొందరపడరంట!
సాయంత్రానికి లోడు రేవు చేరకపోతే
మా ఓనరు నా ఏడు తరాలనీ తవ్వి పోస్తాడు.

"నువ్వు చెప్పమ్మే, కాటా నీది గదా,
ఎవరు పెద్ద?"

నా కాటాలో వయసు పడదు మేష్టారూ,
బరువే పడుద్ది.
అదీ ఖాళీ బండి బరువు తీసేసినాకే.
ఎంత మోత మోగినా
ఏ సరుకైనా అప్పుడే తేలుద్ది.

మేష్టారు ఏదో అనబోయారు.
ఈలోగా లారీలోంచి దూకాడు డ్రిల్లరు మాలకొండయ్య,
చెవుల్లో ఇంకా మిషను మోత పోక
అందరికంటే గట్టిగా మాట్లాడేవాడు.
తెల్ల డబ్బాని అరచేత్తో తుడిచి,
నిలువు గీత పొడుగునా వేలు జార్చి,

"ఎవురేశారో గాని కరెక్టుగా ఏశారబ్బా.
ఈడ కొడితే
శుభ్రంగా రెండుగా పగులుద్ది" అన్నాడు.